వాన పుస్తకంలో అరటిపళ్ళు

జూలై పంతొమ్మిది. పదేళ్ళ కిందటి ఆ తేదీ లైబ్రేరియన్‌కి ఇప్పటికీ గుర్తే. అది ఆయన పెళ్ళిరోజు. భార్య తెల్లవారుజామునే లేచి, బ్రెడ్డు ముక్కలకి వెన్న రాసి, మధ్యలో ఉడికించిన గుడ్లు చక్రాల్లా కోసి పెట్టి, మిరియాల పొడి చల్లి, డబ్బాలో సర్ది లైబ్రరీకి తెచ్చింది. ఇద్దరూ తిన్నది మాత్రం అవి కాదు. డబ్బా మూత తీసీ తీయగానే ఆయన మోచెయ్యి తగిలి బల్లమీది గ్లాసు పడి పగిలింది. పెంకులు ఎగిరి బ్రెడ్డు మీద పడ్డాయి. ఒక్కో ముక్కా వెలుతురుకి పెట్టి చూశారు. మెరిసేది వెన్నో గాజో తేలలేదు. చివరికి డబ్బా మొత్తం చెత్తబుట్టలోకి ఒంపి, వెనక గుమ్మం మెట్లమీద కూర్చుని చెరి రెండు అరటిపళ్ళు తిన్నారు.

ముప్ఫై ఏళ్ళుగా పుస్తకాల వెనక తేదీల ముద్రలు వేస్తున్నాడు. ఆ అలవాటు బుర్రలోకి కూడా పాకినట్టుంది, ఇలాంటివన్నీ ముద్ర పడి ఉండిపోయాయి. భార్య పోయి రెండేళ్ళయింది. ఆవిడ గుర్తొచ్చినప్పుడు తేదీ, ఆ రోజు తిన్నదీ రెండూ కలిసే గుర్తొస్తాయి. అదొక అదృష్టమే అనుకుంటాడు. ఏదీ గుర్తు రానివాళ్ళు ఎంతమంది లేరు.

ఆవిడ లైబ్రరీలో ఉద్యోగి కాదు. చదవడానికని వచ్చేది, వెళ్ళేది కాదు. అలా ఉండిపోయి రెండు పనులు మొదలుపెట్టింది. ఒకటి వాన పుస్తకం. పెరట్లో మూలగా ఒక వాన డబ్బా ఉంది. పైన గరాటు, లోపల సీసా. రోజూ ఎనిమిదిన్నరకి ఆ సీసాలో నీళ్ళు గీతల గ్లాసులోకి ఒంపి, ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో పుస్తకంలో రాయాలి. పదకొండేళ్ళు ఆవిడే రాసింది. ఆవిడ పోయాక ఈ రెండేళ్ళూ ఆయన రాస్తున్నాడు. రెండోది చిక్కుముడి శనివారం. నెలలో మూడో శనివారం పది గంటలకి ఎవరైనా సరే తమకి అంతుబట్టని సంగతి ఒకటి తెచ్చి బల్లమీద పెట్టొచ్చు. ఆగిపోయిన గోడ గడియారం, పొంగని పిండి, ఒక పక్కకే లాగే సైకిలు. మిగతావాళ్ళు కలిసి ముడి విప్పాలి. విప్పలేకపోతే ఎవరి ముడి వాళ్ళు తీసుకెళ్ళిపోవాలి.

ఇప్పుడొచ్చిన ముడి మాత్రం ఆయన తీసుకెళ్ళలేనిది.

కాలేజీ నుంచి ఒక పరిశోధకురాలు మూడు వారాలుగా కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఆ పదమూడేళ్ళ వాన పుస్తకాలూ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తోంది. ఊరికి కొత్తగా వేసే మురుగుకాలువలు ఎంత వెడల్పు ఉండాలో తేల్చడానికి పాత వానల లెక్క కావాలట. ఆ అమ్మాయికి పాతికేళ్ళు దాటి ఉంటాయి. మాట నెమ్మది. తెచ్చుకున్న మంచినీళ్ళ సీసా కూడా పుస్తకాలకి దూరంగా కింద పెట్టుకుంటుంది. అందుకే ఆయనకి ఆ అమ్మాయంటే గురి. ఆ గురి ఉండటమే శుక్రవారం సాయంత్రం ప్రాణం మీదికి తెచ్చింది.

"సార్, ఒక మాట," అంటూ వచ్చి ఆయన బల్ల ముందు నిలబడింది.

"కూర్చోండమ్మా."

కూర్చోలేదు. "మొదటి మూడేళ్ళ లెక్కలు చాలా బాగున్నాయి సార్. చుట్టుపక్కల ఇంకో మూడుచోట్ల కొలిచారు, వాటితో సరిపోతున్నాయి. ఆ తర్వాత పదేళ్ళూ తక్కువ. ఎప్పుడు చూసినా మూడో వంతు కంటే కాస్త ఎక్కువే తక్కువ."

"అంటే?"

"అంటే అక్కడ పది పడితే ఇక్కడ ఆరు చిల్లర. కారణం తెలిస్తే సరిదిద్దుకోవచ్చు. తెలియకపోతే ఆ పదేళ్ళూ తీసేయాలి. సోమవారం పొద్దున నేను నివేదిక ఇవ్వాలి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "తీసేసినందుకు కారణం ఏమని రాస్తారు?"

ఆ అమ్మాయి చేతిలో కాగితం వెనక్కి తిప్పబోయి, అబద్ధం ఆడటం చేతకానట్టు మళ్ళీ ముందుకు తిప్పి చూపించింది. పెన్సిల్‌తో రాసుకున్న వాక్యం. *పరిశీలకుల అజాగ్రత్త వల్ల నమ్మదగినవి కావు.*

"ఇంకా ఖాయం చెయ్యలేదు సార్. కానీ రిమార్కుల గడిలో పరికరం గురించి ఉండాల్సిన చోట ఏవేవో ఉన్నాయి. పిల్లి పడుకుంది అని ఉంది. గొడుగు మర్చిపోయాను అని ఉంది. తిండి పదార్థాలు కూడా ఉన్నాయి. అవి చూస్తే ఎవరికైనా..." అని ఆగిపోయింది.

ఆయన బల్ల సొరుగులో ఇంకో కాగితం ఉంది. పై ఆఫీసు నుంచి వచ్చినది. పాత సామాన్ల గది ఖాళీ చెయ్యాలి, పనికిరాని పుస్తకాలూ కాగితాలూ సోమవారం వచ్చే బండికి ఎత్తించాలి అని. వాన పుస్తకాలు పరిశోధనకి వాడుతున్నారు, అందుకే ఉంచుతున్నాను అని ఆయన జవాబు రాశాడు. వాడటం లేదు, అజాగ్రత్తగా రాసినవి అని సాక్షాత్తూ పరిశోధకురాలే రాశాక ఇంక ఏ మొహం పెట్టుకుని ఉంచుతాడు?

పుస్తకాలు పోతే పోయాయి. ఆ ఒక్క మాటే మింగుడు పడలేదు. అజాగ్రత్త. జ్వరం వచ్చినా శాలువా కప్పుకుని ఎనిమిదిన్నరకల్లా పెరట్లో నిలబడ్డ మనిషికి ఆ మాట.

"రేపు చిక్కుముడి శనివారం," అన్నాడు చివరికి. "రండి. ఈ ముడి బల్లమీద పెడదాం."

"సార్, అది... గడియారాలవీ బాగుచేస్తారు కదా?"

"వాన డబ్బా కూడా డబ్బానే కదమ్మా."

ఆ సాయంత్రమే ఆయన వదినకి ఫోన్ చేశాడు. వదిన అంటే భార్యకి అక్క. రెండు వీధుల అవతల ఉంటుంది. ముప్ఫై అయిదేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. సంగతంతా విని, "మా చెల్లెలు అజాగ్రత్తా?" అంది. "ఉప్పు డబ్బా మీద ఉప్పు అనీ, చక్కెర డబ్బా మీద చక్కెర అనీ, ఖాళీ డబ్బా మీద ఖాళీ అనీ చీటీ అంటించిన మనిషి. ఎవరామె? రేపు వస్తున్నా ఉండండి."

"వదినా, ఆ అమ్మాయి మంచిది. కొట్లాటకి రాకండి."

"కొట్లాటకి కాదు మరిది గారూ. చిక్కుముడికి వస్తున్నా. మీరు పడుకోండి."

శనివారం తొమ్మిది మందే వచ్చారు. అందులో ముగ్గురు ఫ్యాను కోసం వచ్చినవాళ్ళు. ముందు వరసలో దర్జీ కూర్చున్నాడు. బజారు మొదట్లో కుట్టు దుకాణం ఆయనది. మెళ్ళో ఎప్పుడూ టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఊరంతా టేపు బాబాయి అంటారు. పక్కన వదిన, ఒళ్ళో తన పాత నర్సు సంచీతో. నల్లబల్ల మీద భార్య గీసిన మూడు గళ్ళు రంగు వేసి ఉన్నాయి కాబట్టి ఇంకా చెరగలేదు. అనుమానం. ఎలా చూడాలి. ఏం తేలింది. కింద ఆవిడ రాతలోనే ఒక వాక్యం: ఒకసారికి ఒక్కటే మార్చండి.

పరిశోధకురాలు లేచి సంగతి చెప్పింది. మొదట గొంతు కాస్త వణికింది గానీ అంకెల దగ్గరికి వచ్చేసరికి కుదురుకుంది. ఆ అమ్మాయికి అంకెలు పుట్టింటివాళ్ళలాంటివి అనుకున్నాడు లైబ్రేరియన్.

నియమం ప్రకారం ముడి తెచ్చినవాళ్ళు తమ అనుమానం ముందు చెప్పకూడదు. మిగతావాళ్ళే చెప్పాలి.

"పక్కవాళ్ళు మేడమీద మేడ వేశారు కదా," అన్నాడు వెనక ఫ్యాను కింద కూర్చున్నాయన. "వాన అడ్డం పడుతోందేమో."

లైబ్రేరియన్ నల్లబల్ల మీద రాశాడు. ఎలా చూడాలి? మేడ ఎప్పుడు వేశారో చూడాలి. నాలుగేళ్ళయింది. వాన తగ్గడం మొదలై పదేళ్ళయింది. కొట్టేశారు.

"సీసాకి చిల్లు ఉందేమో," అంది వదిన. "సెలైన్ సీసాలకి ఒక్కోసారి కంటికి కనపడని పగులు ఉంటుంది."

లైబ్రేరియన్ పెరట్లోకి వెళ్ళి వాన డబ్బా గరాటుతో సహా పైకెత్తి తెచ్చాడు. ఆ డబ్బా ఇన్నేళ్ళలో లోపలికి రావడం అదే మొదటిసారి. సీసా నిండా నీళ్ళు పోసి పాత దినపత్రిక మీద నిలబెట్టారు. చెమ్మ తగిలితే కాగితం చెబుతుంది.

అందరి మనసులోనూ ఉన్న అనుమానం ఒక్కటే. దాన్ని నల్లబల్ల మీద రాయడానికి లైబ్రేరియన్‌కి చెయ్యి రాలేదు. చివరికి పరిశోధకురాలే చిన్నగా అంది. "ఆలస్యంగా చూడటం. లేకపోతే అందాజుగా రాయడం. అది కూడా అనుమానమే కదా సార్. రాయాలి."

"రాయండి మరిది గారూ," అంది వదిన. ఆవిడ గొంతులో వేడి లేదు. "మా ఆసుపత్రిలో కూడా ఏ పొరపాటు జరిగినా మొదట మేమే కదా అనుమానితులం."

ఆయన రాశాడు. *చూసినవాళ్ళ అజాగ్రత్త.* సుద్దముక్క విరిగింది.

"ఎలా చూడాలి?" అన్నాడు గోడవైపు తిరిగే.

టేపు బాబాయి గొంతు సవరించుకున్నాడు. "మేడం, ఒకటి అడుగుతాను. చిన్న వానకీ మూడో వంతే తగ్గిందా? పెద్ద వానకీ మూడో వంతేనా?"

ఆ అమ్మాయి కంప్యూటర్‌లో వెతికింది. "ఆ. చిన్నదానికీ అంతే, పెద్దదానికీ అంతే. మూడో వంతు, ఆపైన చిటికెడు."

"వానాకాలంలో? ఎండాకాలం జల్లుకి?"

"అన్నిటికీ."

"పదేళ్ళూ?"

"పదేళ్ళూ."

"మరి అది అజాగ్రత్త ఎలా అవుతుందమ్మా!" టేపు బాబాయి కుర్చీలోంచి లేచాడు. "అజాగ్రత్తని నేను చూశాను. నా దుకాణంలో నలుగురు పనివాళ్ళున్నారు. ఒకడు ఒక చెయ్యి పొడుగు పెడతాడు, ఇంకో చెయ్యి పొట్టి పెడతాడు. సోమవారం ఒకలా కుడతాడు, మంగళవారం ఇంకోలా. పదేళ్ళపాటు లెక్కప్రకారం ఒకేలాగ తప్పు చెయ్యగల అజాగ్రత్త పనివాడు దొరికితే, ఆణ్ణి నేను కళ్ళకద్దుకుని పెట్టుకుంటాను!"

ఫ్యాను కింద ముగ్గురూ నవ్వారు. పరిశోధకురాలు నవ్వలేదు. పెన్సిలు నోట్లో పెట్టుకుంది.

"నిజమే," అంది నెమ్మదిగా. "ఆలస్యంగా చూస్తే నీళ్ళు కొంత ఆవిరైపోతాయి. కానీ చిన్న వానలో ఆ తేడా బాగా కనపడాలి, పెద్ద వానలో కనపడకూడదు. అందాజుగా రాస్తే ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ రావాలి. రెండూ కాదు." కంప్యూటర్‌లో వరసలు కిందికి జరిపింది. "ఇది నేను ముందే చూడాల్సింది. మొత్తాలు చూసుకున్నాను గానీ, వాన వానకీ విడివిడిగా చూడలేదు."

"కొట్టెయ్యమంటారా?" అన్నాడు లైబ్రేరియన్.

"కొట్టెయ్యండి సార్."

ఆయన అడ్డంగా గీత గీశాడు. అది మిగతా గీతలకంటే కాస్త లావుగా వచ్చింది. వదిన సంచీలోంచి రుమాలు తీసి, దేనికో తీసినట్టు ముక్కు తుడుచుకుంది.

"అయితే ఏమిటి మరి?" అని టేపు బాబాయినే అడిగారు ఎవరో.

"ఇలాంటిదే నాకొకసారి తగిలింది," అన్నాడాయన, మళ్ళీ కూర్చుంటూ. "ఒక పెళ్ళివారి ఇంటికి వెళ్ళి పదిమందికి కొలతలు తీసుకొచ్చాను. బట్టలు కుట్టి ఇస్తే పదిమందికీ బిగుతే. లావుపాటాయనకి ఊపిరి ఆడటంలేదు. సన్నపాటి పిల్లాడికి కాస్తే బిగుతు. మా ఇంటావిడ అంది, పదిమందీ ఒక్కసారే లావెక్కరు, నీ టేపు చూసుకోమని. చూస్తే ఏముంది? ఇంటికి పట్టుకెళ్ళినది పాత టేపు. వాడి వాడి సాగిపోయింది. దుకాణంలో గుడ్డ కత్తిరించింది కొత్త టేపుతో. పాతదాంట్లో ముప్ఫై అన్నది కొత్తదాంట్లో ముప్ఫై ఒకటి. కొలిచేదొకటి, కోసేదొకటి అయిపోయింది. నా చెయ్యి మంచిదే, కన్ను మంచిదే. రెండు టేపులకీ పొత్తు కుదరలేదు, అంతే."

పరిశోధకురాలు పెన్సిలు నోట్లోంచి తీసింది. అక్కడే, బల్లమీద, వాన డబ్బా గరాటు ఉంది. దాని పక్కనే గీతల గ్లాసు ఉంది. ఒకటి వాన పట్టేది, ఇంకోటి కొలిచేది. ఆ అమ్మాయి ఒకసారి దీన్ని చూసింది, ఒకసారి దాన్ని.

"బాబాయి గారూ, మీ టేపు ఒకసారి ఇస్తారా?"

"టేపు నా చేతిలో ఉంటేనే నిజం చెబుతుంది," అని ఆయనే లేచి గరాటు మూతి చుట్టూ టేపు తిప్పాడు, అది ఎవరి నడుమో అన్నంత మర్యాదగా. "నలభై సెంటీమీటర్లు. ఒక నూలుపోగంత తక్కువ. ఇది కొత్త టేపే, అనుమానం అక్కర్లేదు."

ఆ అమ్మాయి కాగితం మీద లెక్క వేసింది. "అంటే ఈ గరాటు మూతి వైశాల్యం నూట ఇరవై ఏడు చదరపు సెంటీమీటర్లు. పది మిల్లీమీటర్ల వాన పడితే దీంట్లోకి నూట ఇరవై ఏడు మిల్లీలీటర్ల నీళ్ళు రావాలి. అన్ని నీళ్ళు పోస్తే గ్లాసు పది చూపించాలి."

"మిల్లీలీటర్లంటే నా పని," అంది వదిన. సంచీలోంచి యాభై మిల్లీలీటర్ల పెద్ద సిరంజి ఒకటి తీసింది. సూది లేదు, అయినా ఫ్యాను కింద కూర్చున్నాయన కాస్త వెనక్కి జరిగాడు. "భయపడకు నాయనా, నీకు కాదు."

రెండు సిరంజిలు నిండుగా, మూడోది సగం దాటి రెండు గీతలు. నూట ఇరవై ఏడు. ఒక్క చుక్క బయట పడలేదు. గ్లాసు బల్లమీద పెట్టి, అందరూ వంగి కళ్ళు నీటిమట్టానికి తెచ్చుకున్నారు. పది తలలు ఒక గ్లాసు చుట్టూ.

పది గీత ఎక్కడో పైన ఉంది. నీళ్ళు ఆరు దాటి మూడు చిన్న గీతల దగ్గర ఆగిపోయాయి.

"ఆరు చిల్లర," అంది పరిశోధకురాలు. "అదే. సరిగ్గా అదే! అమ్మా, పది గీత దాకా పోయండి."

వదిన పోసింది. లెక్క పైకే చదివింది, మందు పోసినట్టు. రెండు వందలకి నీళ్ళు పది గీతని తాకాయి.

ఆ అమ్మాయి నీళ్ళు కిటికీ బయటికి ఒంపి, గ్లాసు బోర్లించి, అడుగున చూసింది. గాజులోనే పొంగుగా రెండు వందలు అని అచ్చు ఉంది. "ఇది రెండు వందల చదరపు సెంటీమీటర్ల గరాటుకి చేసిన గ్లాసు సార్. పెద్ద గరాటుది. ఈ గరాటుది కాదు. గ్లాసు తప్పు చెప్పింది, ఆవిడా, తర్వాత మీరూ గ్లాసు చెప్పింది చెప్పినట్టు రాశారు. పదేళ్ళూ!" తర్వాత అడగాల్సింది అడిగింది. "ఈ గ్లాసు ఎక్కడిది?"

అప్పుడు తగిలింది లైబ్రేరియన్‌కి. ఆయన మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నేను తెచ్చాను," అన్నాడు.

అందరూ ఆయనవైపు తిరిగారు.

"మొదటి గ్లాసు నా మోచెయ్యి తగిలి పగిలింది. తిండి డబ్బా మూత తీస్తున్నాను. అప్పుడే ఆవిడ వాన కొలిచి, రాసి, గ్లాసు బల్లమీద పెట్టింది. లైబ్రరీ సామాను పగిలితే నేను పై ఆఫీసుకి సంజాయిషీ రాసుకోవాలి. ఆవిడ వద్దంది. మీరు సంజాయిషీ రాస్తే ప్రేమలేఖలాగ ఉంటుంది, వాళ్ళు నవ్వుతారు అంది. ఆ సాయంత్రమే నేను కాలేజీ సామాన్ల గదికి వెళ్ళి, వాన గ్లాసు ఒకటి ఇమ్మని అడిగి తెచ్చాను. దాన్ని చూసి, ఇది లావుగా ఉందేమండీ అని కూడా అంది. గీతలున్నాయి కదా, గీతలు గీతలే అన్నాను. అడుగున అంకె చూశాను. అది పట్టే నీళ్ళ లెక్క అనుకున్నాను."

దినపత్రిక మీద సీసా పొడిగా నిలబడి ఉంది. దాని సంగతే అందరూ మర్చిపోయారు.

"తేదీ గుర్తుందా సార్?" పరిశోధకురాలు లెక్కల కాగితం దగ్గరికి లాక్కుంది. "మార్చిన తేదీ కచ్చితంగా తెలిస్తేనే నేను సరిదిద్దగలను. లెక్కలు చూస్తే జూలైలో ఎక్కడో మారిందని తెలుస్తోంది గానీ, ఏ రోజో చెప్పలేకపోతున్నాను. గుర్తుందన్న మాట ఒక్కటీ చాలదు సార్, ఏదైనా ఆధారం కావాలి."

"జూలై పంతొమ్మిది. మా పెళ్ళిరోజు. గుడ్ల రొట్టె పారేసి చెరి రెండు అరటిపళ్ళు తిన్నాం." చెప్పాక, అది ఆధారం ఎలా అవుతుందని ఆయనకే అనిపించింది. "ఆధారమంటే... నా దగ్గరేముందమ్మా."

ఆ అమ్మాయి గబగబా కిటికీ పక్క బల్ల దగ్గరికి వెళ్ళి, నాలుగో పుస్తకం తెచ్చి, పేజీలు తిప్పి, ఆయన ముందు పరిచింది. వేలు పెట్టి చూపించింది.

జూలై పంతొమ్మిది. వాన: పదకొండు మిల్లీమీటర్లు. రిమార్కుల గడిలో గుండ్రటి అక్షరాలతో ఒకే ఒక మాట.

*అరటిపళ్ళు.*

"ఇదే సార్," అంది ఆ అమ్మాయి. "తిండి పదార్థాలు అన్నానే, ఇదే. దీన్ని చూసే నేను... పుస్తకం మీద శ్రద్ధ లేదనుకున్నాను."

వదిన కళ్ళజోడు పెట్టుకుని వంగి చదివింది. ఒకసారి చదివింది, మళ్ళీ చదివింది. "చూశారా!" అంది. "గ్లాసు పగిలిందని రాస్తే మీ మీదికి వస్తుంది. రాయకపోతే పుస్తకం అబద్ధమవుతుంది. రెండూ కాకుండా ఇలా రాసింది. ఖాళీ డబ్బా మీద ఖాళీ అని రాసిన మనిషి ఊరికే ఉంటుందా!"

పరిశోధకురాలు అప్పటికే అటూ ఇటూ రోజులు సరిచూస్తోంది. జూలై పదహారున చుట్టుపక్కల ఇరవై రెండు, ఇక్కడ ఇరవై రెండు. పంతొమ్మిదిన అక్కడ పదకొండు, ఇక్కడ పదకొండు. ఇరవై ఒకటిన అక్కడ ముప్ఫై, ఇక్కడ పంతొమ్మిది. గ్లాసు మారిన గీత ఆ రెండు వరసల మధ్య కత్తితో గీసినట్టు ఉంది.

"అయితే మరిది గారూ," అంది వదిన నిటారుగా నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని. "మొత్తానికి తప్పంతా మీదే అన్నమాట."

"నాదే వదినా," అన్నాడు లైబ్రేరియన్. "అంతా నాదే." పేరు పిలిచి బహుమతి ఇస్తే అందుకుంటున్నవాడిలా అన్నాడు. ఆయన నవ్వుతున్నాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడు. తప్పు తన నెత్తిన పడితే ఇంత తేలికగా ఉంటుందని ఆయనకి ఇన్నేళ్ళకి తెలిసింది.

"తప్పు చేసి ఇంత సంతోషపడేవాణ్ణి నేను ఇప్పుడే చూడటం," అన్నాడు టేపు బాబాయి, టేపు మెళ్ళో వేసుకుంటూ. "మా కుర్రాళ్ళకి మాత్రం చెప్పకండి సార్. నేర్చుకుంటారు."

ఆ తర్వాత పని చాలాసేపు సాగింది. ఒకసారికి ఒక్కటే మార్చమని నల్లబల్ల మీద ఉంది కాబట్టి, పరిశోధకురాలు ఇంకేమీ కదపకుండా ఆ ఒక్క లెక్కా మార్చింది. పదేళ్ళ అంకెలన్నీ ఒకటి పాయింటు అయిదు ఏడుతో హెచ్చవేసి, చుట్టుపక్కల మూడుచోట్ల లెక్కల పక్కన పెట్టింది. నాలుగు గీతలు తెరమీద ఒకదాన్నొకటి రాసుకుంటూ నడిచాయి, ఒకే ఇంటివాళ్ళు నలుగురు బజారుకి బయల్దేరినట్టు. ఫ్యాను కింద ముగ్గురూ కూడా లేచి వచ్చి చూశారు.

ఒక్క గీత మాత్రం చివర్లో కాస్త పక్కకి జరిగింది. ఆఖరి రెండేళ్ళది.

"ఇక్కడ కొంచెం ఎగుడుదిగుడుగా ఉంది," అంది ఆ అమ్మాయి, ఆయనవైపు చూడకుండా.

"అది నేను రాసింది," అన్నాడు లైబ్రేరియన్. "ఎనిమిదిన్నర అప్పుడప్పుడు తొమ్మిదవుతుంది."

"అది పెద్ద తేడా కాదు సార్."

"అజాగ్రత్త అని అక్కడ రాసుకోండి. అక్కడైతే నాకేం అభ్యంతరం లేదు."

ఈసారి ఆ అమ్మాయి కూడా నవ్వింది. నిన్నటి కాగితం తీసి, పెన్సిల్ వాక్యం రబ్బరుతో చెరిపి, పైన ఊదింది. కొత్త వాక్యం రాసి ఆయనకిచ్చింది. *కొలిచే గ్లాసు మారడం వల్ల పదేళ్ళ లెక్కలు తక్కువగా నమోదయ్యాయి. సవరించి వాడాం. మార్పు జరిగిన తేదీ పరిశీలకురాలి పుస్తకంలోనే ఉంది.*

ఆయన ఆఖరి వాక్యం రెండుసార్లు చదివాడు.

"సార్, ఇంకొక్కటి. అరటిపళ్ళు అంటే ఏమిటో మా ప్రొఫెసర్ గారు అడుగుతారు. గ్లాసు ఎలా మారిందో మీరు నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టి ఇస్తే, దీనికి జతచేస్తాను."

"సంజాయిషీ అన్నమాట," అంది వదిన.

"అనుకోండి."

పదేళ్ళు ఆలస్యమైన సంజాయిషీ రాయడానికి ఆయన తన బల్ల దగ్గర కూర్చున్నాడు. అందరూ వెళ్ళిపోయారు. పరిశోధకురాలు కిటికీ దగ్గర, వదిన పత్రికల బల్ల దగ్గర ఉండిపోయారు. ఆయన మొదట తేదీ రాశాడు. పెళ్ళిరోజని రాశాడు. గుడ్లు చక్రాల్లా కోసిన సంగతి అక్కర్లేదని తెలిసీ రాశాడు. మెట్లమీద ఎండ ఎంతవరకూ వచ్చిందో రాశాడు. ఇది లావుగా ఉందేమండీ అని ఆవిడ అడిగినదీ, తాను అన్నదీ ఉన్నదున్నట్టు రాశాడు. నాలుగు ముక్కలు కాస్తా పేజీన్నర అయ్యాయి. చివర, ఆమె మాట వినవలసింది అని రాసి సంతకం పెట్టాడు.

వదిన వచ్చి భుజం మీదుగా చదివింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది, మళ్ళీ సాగింది.

"చెల్లెలు సరిగ్గానే చెప్పింది," అంది. "పై ఆఫీసుకి పంపి ఉంటే నవ్వేవాళ్ళు."

"మార్చి రాయమంటారా వదినా?"

"ఒక్క ముక్క కూడా వద్దు."

పరిశోధకురాలు ఆ కాగితం తీసుకుని, మడవకుండా, రెండు అట్టల మధ్య పెట్టుకుంది. సోమవారం చిన్న గరాటుకి సరిపోయే గ్లాసు కాలేజీ నుంచి తానే తెస్తానంది. "అడుగున అంకె చూసే తెస్తాను సార్," అని గుమ్మం దగ్గర ఆగి మరీ చెప్పి వెళ్ళింది.

చీకటి పడబోతుండగా ఆయన వాన డబ్బా మళ్ళీ పెరట్లో దాని దిమ్మమీద పెట్టి, గరాటు సమంగా కూర్చుందో లేదో వేలితో నొక్కి చూశాడు. పాత సామాన్ల గదిలోంచి కుర్చీకాళ్ళూ విరిగిన గొడుగులూ బండికోసం బయట పెట్టాడు. పదమూడు వాన పుస్తకాలు మాత్రం మళ్ళీ ఆ గదిలో పెట్టకుండా హాల్లోనే ఉంచాడు. ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే వదినే చూపించింది, తలుపుకి ఎదురుగా, చేతికందే ఎత్తులో, ఖాళీగా ఉన్న అర. వరసగా సర్దారు. నాలుగోదాంట్లో జూలై పేజీ దగ్గర ఆయన ఒక గుర్తు చీటీ పెట్టాడు.

"ఆకలేస్తోంది మరిది గారూ," అంది వదిన. "ఇంట్లో బ్రెడ్డుంది, గుడ్లున్నాయి. గ్లాసుల జోలికి మాత్రం మీరు రావద్దు."

"రాను," అన్నాడాయన.

దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు. వదిన మెట్లు దిగి వీధిలో నిలబడింది. ఆయన వెనక్కి తిరిగి ఒకసారి హాల్లోకి చూశాడు. తర్వాత, లోపల ఎవరో ఇంకా చదువుకుంటున్నట్టు, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాడు.